పోస్టర్ మీద అమ్మ నొసలు

మా కాలేజీ వార్షికోత్సవానికి లఘుచిత్రాల పోటీ పెట్టినప్పుడు నేను మూడో సంవత్సరంలో ఉన్నాను. నిబంధనలు ఎవరు రాశారో గానీ, వాళ్లకు సినిమా కంటే దాని ప్రచారం మీద మోజు ఎక్కువ. సినిమా చూపించడానికి వారం ముందే ట్రైలర్ విడుదల చెయ్యాలి. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టాలి. ఫోన్లలో స్టేటస్ పెట్టుకోవడానికి పోస్టర్ ఒకటి తయారుచెయ్యాలి. సగం మార్కులు వాటికే. మా సినిమా పేరు మాత్రం ఇక్కడ చెప్పను. అప్పట్లో గొప్పగా అనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కథ చిన్నది. వానలు పడని ఏడాది ఒకామె గొర్రెలను తోలుకుని మేత కోసం బయలుదేరుతుంది. ఆ వేషం మా అమ్మను వెయ్యమన్నాను. అమ్మ వెలిగండ్ల వైపు గొర్రెలు కాసుకునే వాళ్ల ఇంట్లో పుట్టింది. నాయనను చేసుకోవడానికి బాప్తిస్మం తీసుకుని మా సంఘంలో చేరింది. ఆ తర్వాత మిరప కోతలకూ పత్తి తీతకూ కూలికి పోవడమే గానీ మంద వెనక నడిచింది లేదు. అయినా నేను అడిగీ అడగకముందే సరేనంది. ఒక్క షరతు పెట్టింది.

"బొట్టు మాత్రం పెట్టుకోను పాపా. ఆ మాట ప్రభువుకు ఇచ్చినా. మిగతాదంతా నువ్వు ఎట్ల చెప్తే అట్ల చేస్తా."

మా సంఘంలో ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు. అమ్మ ఇరవై రెండేళ్ల కిందట తుడుచుకున్న నొసలు అది. నాకు కావలసింది ఆమె నడక, మందను అదిలించే కూత. బొట్టుతో నాకేం పని అనుకున్నాను.

దొనకొండ దగ్గర మెట్ట చేలల్లో రెండు శనివారాలు తీశాం. తెలిసిన పెద్దాయన ఒకాయన తన మందను అరువిచ్చాడు. కెమెరా అంటే నా స్నేహితురాలి ఫోన్. నేను పెద్ద గొంతుతో యాక్షన్ అన్నాను. ఒక్క గొర్రె కూడా తలెత్తి చూడలేదు. అమ్మ నవ్వు ఆపుకుని, నాలుక మడిచి ఒక కూత వేసింది. మంద మొత్తం ఒక్కసారి కదిలింది. నేను పుట్టాక ఎప్పుడూ వినని గొంతు అది. రికార్డు చెయ్యడం మర్చిపోయి నిలబడ్డాను. రెండోసారి వెయ్యమంటే అంత బాగా రాలేదు.

ట్రైలర్ కోసం ఆ రెండో కూతే వాడుకున్నాను. దాని మీద డప్పులు వేశాను, గాలి మోత వేశాను, "ఒక తల్లి... ఒక మంద... ఒక ప్రయాణం..." అని నా గొంతుతోనే లావుగా చెప్పాను. సినిమాలో లేని ఉరుము ఒకటి కూడా తెచ్చి పెట్టాను. ట్రైలర్ అంటే అట్లాగే ఉండాలని ఎవరూ చెప్పలేదు, అయినా ఎట్లాగో అందరికీ తెలిసే ఉంటుంది.

పోస్టర్‌కు అమ్మ ముఖం దగ్గరగా ఉన్న ఫొటో ఒకటి ఎంచి మార్కాపురంలో ఫ్లెక్సీ దుకాణంలో ఇచ్చి వచ్చాను. పుట్టినరోజులకూ పెళ్లిళ్లకూ నాయకుల స్వాగతాలకూ ఊరంతా కనిపించే ముఖాలు సగం ఆ దుకాణం ఆయన చేతి మీదుగా వచ్చినవే. మర్నాడు బస్సులో ఉండగా పోస్టర్ నా ఫోన్‌కు వచ్చింది. తెరిచి చూశాను. డైరెక్షన్ అన్న మాట కింద నా పేరు ఎంత లావుగా ఉందో చూశాను. పెద్దది చేసి ఇంకోసారి చూశాను. బాగుందని జవాబిచ్చి, నా స్నేహితులందరికీ పంపాను. అంతకు మించి ఆ పోస్టర్‌లో నేనేమీ చూడలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నామోషీగానే ఉంది.

అమ్మ నొసట రూపాయి బిళ్లంత ఎర్రటి బొట్టు ఉంది. కుంకుమ కాస్త ముక్కు మీదకు రాలినట్టు కూడా దిద్దాడు, పనిమంతుడు.

గురువారం గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. శుక్రవారానికి ఆ పోస్టర్ మా సంఘం వాట్సాప్ గ్రూపులోకి చేరింది. పొద్దుటి బైబిలు వాక్యానికీ ఎవరిదో కాలు ఆపరేషన్ కోసం ప్రార్థనకూ మధ్య అమ్మ ముఖం. కింద ఎవరూ ఏమీ రాయలేదు. శనివారం సంఘ పెద్ద ఒకాయన ఇంటికి వచ్చాడు. నాయన మంచం వాల్చాడు గానీ ఆయన కూర్చోలేదు.

"రేపు మొదటి ఆదివారం గదమ్మా. బల్లకు చెయ్యి చాపొద్దు. అయ్యగారు నీతో మాట్లాడినాక చూద్దాం," అన్నాడు.

అయ్యగారంటే మా పాస్టర్. బల్ల అంటే నెలకోసారి సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. తప్పు చేసినవాళ్లను ఆపుతారు. కాన్పు నెలల్లో తప్ప అమ్మ అది మానింది లేదు.

"నేను పెట్టుకోలేదు మామా," అంది అమ్మ.

"మరి పటం అబద్ధం చెప్తాదా?"

ఆయన పోయాక అమ్మ నా ఫోన్ అడిగి తీసుకుంది. చూసి ఇచ్చేసింది. నేను దుకాణానికి బయలుదేరబోతుంటే మళ్లీ తీసుకుని పొయ్యి దగ్గరకు పోయి, కాసేపటికి తెచ్చి ఇచ్చింది. నన్ను తిట్టలేక ఊరుకుందనుకున్నాను.

దుకాణంలో నేను గట్టిగానే అరిచాను. ఆయన బిత్తరపోయాడు.

"మీ నాయన నిక్షేపంగా ఉండంగా ఆ బోసి ముఖమేంది పాపా? నలుగురు చూస్తే ఏమనుకుంటారని నేనే పెట్టినా. మంచికే గదా చేసినా," అన్నాడు.

ఆయన మాటలో కపటం లేదు. ఆయన లెక్కలో బోసి నొసలంటే మొగుడు పోయిన నొసలే. నిమిషంలో బొట్టు తీసేశాడు. నేను గేటు దగ్గర ఫ్లెక్సీ విప్పించాను, స్నేహితులందరి చేతా స్టేటస్‌లు తీసేయించాను.

ఆదివారం ఆరాధనకు ముందు పాస్టర్ గారి ఇంటికి పోయాను. ట్రైలర్ చూపిస్తే సరిపోయేది, అందులో అమ్మ నొసలు మొదటి నుంచి చివరిదాకా బోసిగానే ఉంటుంది. కానీ ఆయన సినిమాలు చూడరు. ట్రైలర్ కూడా సినిమా కిందికే వస్తుందని నెమ్మదిగానే చెప్పారు. ఫొటోలకు అభ్యంతరం లేదన్నారు. రెండు శనివారాల ఫొటోలు ఒక్కొక్కటే జరిపి చూపించాను. ఆయన ప్రతి దాంట్లో నొసలు చూశారు, ఒకచోట గొర్రెపిల్లను చూసి నవ్వారు కూడా.

"తొందరపడినాం తల్లీ. అమ్మను బల్లకు రమ్మను," అన్నారు.

అంతటితో ఆగలేదు. మన సహోదరి విషయంలో పొరపాటు మనదేనని ఆరాధనలో అందరి ముందూ చెప్పారు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లంతా అమ్మ వైపు తిరిగారు. పక్కనున్నామె అమ్మ చెయ్యి నొక్కింది. నేను కేసు గెలిచిన వకీలు మాదిరి నిటారుగా కూర్చున్నాను.

రొట్టె పళ్లెం మా వరసలోకి వచ్చింది. అమ్మ రెండు చేతులతో అందుకుని, తీసుకోకుండా పక్కామెకు అందించింది. ద్రాక్షరసం చిన్న గ్లాసుల పళ్లెం వచ్చినప్పుడూ అంతే. ముసుగు కింద ఆమె ముఖం నాకు కనపడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికి నడుస్తూ అడిగాను. "అయ్యగారు అందరి ముందర చెప్పినాడు గదా. ఎందుకు తీసుకోలేదు? ఇప్పుడు మళ్లీ ఏమనుకుంటారు?"

అమ్మ నడుస్తూనే ముసుగు వెనక్కి తీసుకుంది.

"పెట్టుకున్నావా అని అడిగినారు. పెట్టుకోలేదు, అది నిజమే," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పటంలో చూసుకుంటే బాగుండాననిపించింది పాపా. ఇచ్చేసినా గూడ మళ్లీ అడిగి తీసుకున్నా. అది మనసులో ఉండంగా రొట్టెకు చెయ్యి ఎట్ల చాపేది?"

అమ్మ మీద జాలేసింది, నా మీద నాకు అసహ్యం వేసింది. అందరి ఫోన్లలోంచీ తుడిపించానే గానీ అమ్మను ఒక్క మాట అడగలేదు.

"వచ్చే నెల తీసుకుంటాలే. అప్పటికి పోతాది," అంది అమ్మ, నన్ను ఓదారుస్తున్నట్టు.

పోటీలో మాకు రెండో బహుమతి వచ్చింది. తర్వాతి నెల మొదటి ఆదివారం నేను అమ్మ పక్కనే కూర్చున్నాను. పళ్లెం వచ్చింది. అమ్మ దాన్ని అందుకుని, కొంచెంసేపు పట్టుకుని, పక్కామెకు ఇచ్చింది. ఈసారి నేనేమీ అడగలేదు.