డ్రిల్లింగ్ మిషన్ ఒక్కపొద్దు

చక్ మళ్ళీ ఊడి పడింది. ఈసారి నా కాలి బొటనవేలికి బెత్తెడు దూరంలో. నేను తిట్టిన తిట్లకు లోపల బాలింత కూతురు పసిదాని చెవులు మూసిందట.

సూర్యాపేటలో మా ఇంటి వెనక రేకుల షెడ్డే నా వర్క్‌షాపు. అందులో చవకగా వస్తోందని కొన్న డ్రిల్లింగ్ మిషన్ ఒకటి. మనవరాలికి తొట్టెల అమ్మమ్మగారింటి నుంచే రావాలి కదా, బజారుది ఎందుకు, నా చేతులతో టేకుతో చేస్తానని కోదాడ వియ్యంకుడి ముందు కోతలు కోశాను. చట్రం అయింది. కడ్డీలు దిగే బెజ్జాలే మిగిలాయి. పిల్లను తొట్టెలలో వేసే ఫంక్షన్ ఎల్లుండి. వియ్యంకుడు ఫోన్ చేసి, ఎందుకైనా మంచిదని తమవాళ్ళు స్టీలుది ఒకటి చూసి ఉంచారని మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది.

చక్ అంటే బెజ్జం వేసే బిట్టును పట్టుకునే పిడికిలి. నా మిషన్‌లో దానికి మరలుండవు, నట్టుండదు. దాని కాడ పైనున్న బొక్కలో బిగుసుకుని నిలబడాలి, అంతే. లోపల చుక్క నూనె తగిలినా జారిపోతుంది. నేను కిరోసిన్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, చెక్క సుత్తితో కొట్టి బిగించేవాణ్ణి. సాయంత్రం బ్రహ్మాండంగా తిరిగేది. తెల్లారి స్విచ్ వేస్తే ఢామ్మని కింద. మిర్యాలగూడ పోయి, రైస్‌మిల్లు సామాన్లమ్మే దుకాణంలో కొత్త చక్ తెచ్చాను. ఇప్పుడు పడింది అదే. దుకాణదారుకు ఫోన్ చేసి గొంతు చించుకున్నాను. పాపం, ఆయనకేం తెలుసు.

మర్నాడు తెల్లవారుతూనే షెడ్డులోకి వెళ్తే, మా అమ్మ మిషన్ ముందు నిలబడి ఉంది. చక్‌ను ఊడదీయాలంటే మేకు దూర్చడానికి దాని పైన ఒక సన్నని సందు ఉంటుంది. అమ్మ దాన్ని నోరనుకుంది. కరిగిన నెయ్యిలో బెల్లం కలిపి చెంచాతో అందులో పోస్తోంది.

"ఏం చేస్తున్నవే అమ్మా?"

"ఇంట్ల పసిబిడ్డకు తొట్టెల చేస్తున్నది. పరిగడుపుతోని పని చేయిస్తవా? రోజు పొద్దుగాల నేనే పెడుతున్న."

పొలంలో కూలీలకైనా, దున్నే ఎడ్లకైనా ముందు ముద్ద పెట్టి తర్వాతే పనిలోకి దింపిన మనిషి ఆమె. మిషన్‌ను మాత్రం ఎందుకు వదిలేస్తుంది?

నేను అరిచాను. నెయ్యి దానికి పడదన్నాను. అయితే పాలు పోస్తానంది. మోటారు మీద పెట్టుకోమన్నాను. నోరొకచోట ఉంటే తిండి ఇంకోచోట పెడతారా అని నన్ను ఎగాదిగా చూసింది. ఇక లాభం లేదని, తొట్టెల అయ్యేదాకా మిషన్ ఒక్కపొద్దు పట్టిందని చెప్పాను. అమ్మ వెంటనే చెంచా దించి మిషన్‌కు దండం పెట్టింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కాసేపటికి నా భార్య వచ్చి, అత్తమ్మ షుగర్ మాత్ర వేసుకుని కూడా టిఫిన్ ముట్టడం లేదంది. మాత్ర పడ్డాక తినకపోతే ఆమెకు కళ్ళు తిరుగుతాయి. పోయి బతిమాలాను.

"అది ఉపాసముంటే నేనెట్ల తింట బిడ్డా?"

అబద్ధం చెప్పానన్నాను. నమ్మలేదు. దేవుడి విషయంలో ఎవరైనా అబద్ధమాడతారా అంది.

ఇక చూడాలి నా పరుగు. కడిగాను, తుడిచాను, బిగించాను. బెజ్జం వెనక బెజ్జం. నా భార్య ఇంకెన్ని ఇంకెన్ని అంటోంది, కూతురు గుమ్మంలో పిల్లనెత్తుకుని నన్ను కడిగేస్తోంది, అమ్మ స్టూలు మీద కూర్చుని మిషన్‌కు విసనకర్రతో విసురుతోంది. అలసిపోతుందట. అలా విసురుతుంటే ఆమె చేయి వణకడం చూశాను. ముఖం నిండా చెమట. నాకు భయమేసింది. ఇంకా ఒక పక్క బెజ్జాలన్నీ మిగిలే ఉన్నాయి. స్టీలుదే రానీ, కోదాడ ముందు పరువు పోతే పోనీ అనుకుని స్విచ్ కట్టేశాను.

తొట్టెల అయిపోయిందమ్మా, ఒక్కపొద్దు విడవాలి అన్నాను. వంటింట్లోకి ఉరికి నెయ్యి, బెల్లం తెచ్చి, నా చేత్తోనే మిషన్ నోట్లో కుక్కాను. బెల్లం లోపల గడ్డ కడితే అది ఇక ఇవాళ తిరగదు. అమ్మ విసనకర్ర ఆపి, ముందుకు వంగి, ముద్ద లోపలికి దిగిందో లేదో చూసింది.

"తిన్నది. ఇగ నాకు బెట్టు."