సౌండన్న కళ్లతో విన్న పాట

ముప్పై ఏళ్లుగా మైకు సెట్టు పని చేస్తున్న మనిషికి అన్నం పెట్టేవి చెవులే. ఆ చెవులే పోతున్నాయంటే ఎవరితో చెప్పుకుంటాడు చెప్పండి! దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని ఊరుకున్నాడు సౌండన్న.

అతని అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. పెద్ద పార్కులో ఏటా శని, ఆదివారాలు రెండు రోజులు టికెట్టు లేకుండా జరిగే పాటల సంబరానికి మొదటి నుంచీ సౌండు అతనిదే. పచ్చిక మధ్యలో చిన్న గుడారం, అందులో బల్ల, బల్ల మీద సౌండు హెచ్చుతగ్గులు చేసే మిక్సరు. వందల మంది చాపలు పరుచుకుని, పిల్లల్ని భుజాలకెత్తుకుని హాయిగా పాటలు వింటుంటే, ఆ హాయి ఎవరి చేతుల్లో ఉందో ఒక్కరూ వెనక్కి తిరిగి చూడరు. బాగున్నప్పుడు పాటగాడికి చప్పట్లు, బాగోలేనప్పుడు సౌండువాడికి తిట్లు. ఈ వృత్తి ధర్మమే అంత.

చెవులు పూర్తిగా పోలేదు. డ్రమ్ముల దరువు ఇప్పటికీ గుండెకు తగులుతుంది. పోయినవి కీచుమనే సన్నటి చప్పుళ్లు. రెండేళ్ల కిందట ఒక ఆదివారం కుక్కరు పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాడు. అన్నం మాడి కంపు కొట్టాక భార్య పరుగెత్తుకొచ్చి, "అన్ని విజిళ్లు వేస్తుంటే ధ్యాస ఎక్కడ పెట్టారండీ?" అంది. ధ్యాస అక్కడే ఉంది మహాతల్లీ, విజిలే లేదు! అతనికి సంగతి అర్థమైంది ఆ రోజే.

మైకులో గొంతు స్పీకరులోంచి వచ్చి, తిరిగి మైకులోనే దూరితే 'కుయ్' మని కూత పుడుతుంది. సౌండువాడు దాన్ని రెప్పపాటులో తుంచెయ్యాలి. వినపడని కూతను తుంచడం ఎలా? నిరుడు ఎలాగో అదృష్టం కొద్దీ గట్టెక్కాడు, ఈ ఏడు దానికో ఉపాయం కనిపెట్టాడు మన ఘనుడు. అతని భార్యవి పాము చెవులు. ఎక్కడ కూత మొదలైనా అందరికంటే ముందు ఆవిడ నొసలు ముడిపడుతుంది, కళ్లు గట్టిగా మూసుకుంటుంది, పచ్చి చింతకాయ కొరికినట్టు ముఖం చిట్లిస్తుంది. అందుకని స్టేజీ పక్కన, సరిగ్గా తన గుడారానికి ఎదురుగా, ఆవిడకో కుర్చీ వేయించాడు. "ఈ రెండ్రోజులూ ఇంటిల్లిపాదీ కలిసి పాటలు విందాం" అన్నాడు. పెళ్లైన ఇన్నేళ్లలో మొగుడు మొదటిసారి పనికి తీసుకెళ్తున్నాడని ఆవిడ పొంగిపోయి కొత్త చీర కట్టుకుంది, తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చింది. పాపం, ఆ వెర్రి మాలోకానికి ఏం తెలుసు!

శనివారం చక్కగా గడిచింది. ఆవిడ ముఖం చిట్లించినప్పుడల్లా ఇతని వేలు కదిలింది, కూత తెగిపోయింది. ఉత్సవం పెద్దలు వచ్చి "నీ చెవులకు దణ్ణం పెట్టాలన్నా!" అన్నారు. అత్తగారు మాత్రం తనకు చెవుడని ఊరంతా చాటింపు వేసే రకం. చాప మీద కాళ్లు చాపుకుని, "చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టుంది అల్లుడుగారూ! అయినా బలే సరదాగా ఉంది" అని బోసినోటితో నవ్వింది. ఆవిడంత ధైర్యం తనకు లేకపోయిందే అని లోలోపల కుమిలిపోయాడతను.

ఆదివారం సాయంత్రం ఐదింటికి కూతురి పాట. బట్టల షాపులో బిల్లులు కొట్టే పిల్ల, స్టేజీ ఎక్కడం అదే మొదలు. ఊరూరా కచేరీలు చేసే బ్యాండు మాస్టారు ముందు వరసలో కూర్చున్నాడు. "పాడనీ అన్నా. గొంతు నచ్చితే నాతో తీసుకెళ్తా" అని మాటిచ్చాడు. ఆ పిల్ల రెండేళ్ల ఆశంతా ఆ ఐదు నిమిషాల మీదే ఉంది.

పాట మొదలైంది. సౌండన్నకు కంబళి కప్పుకుని ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది. చరణం ఎత్తుకునేసరికి భార్య వైపు చూశాడు. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుంది. నొసలు ముడిపడింది. కొంప మునిగింది, కూత! గబగబా ట్రెబులు, అదే కీచు చప్పుళ్ల మీట, తగ్గించాడు. ఆవిడ ముఖం ఇంకా ముడుచుకుపోయింది. మైకు తగ్గించాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జనం వెనక్కి తిరిగి తన వైపు చేతులూపుతూ ఏదో అరుస్తున్నారు. కూత భరించలేకపోతున్నారనుకుని ఇంకా తగ్గించాడు. స్టేజీ మీద కూతురు మెడ నరాలు ఉబ్బేలా పాడుతూనే ఉంది, తండ్రి వైపే చూస్తూ. అతను అలా తగ్గిస్తుండగానే పాట అయిపోయింది.

భార్య కళ్లు తుడుచుకుంటూ గుడారంలోకి వచ్చింది. "ఏడుపు ఆగలేదండీ! చరణం ఎంత బాగా ఎత్తుకుందో! మధ్యలో ఆ మైకుకేం రోగం వచ్చింది?"

అంటే కూత లేదు. ఆవిడ ఏడ్చింది. ఆనందం పట్టలేక ఏడ్చింది.

ఇంతలో బ్యాండు మాస్టారు వచ్చాడు. మంచి మనిషే, నొప్పించకుండా చెప్పాలని చూశాడు. "పిల్ల బాగానే ఉందన్నా. గొంతే మరీ చిన్నది, నీ అంతటివాడు సౌండు పట్టినా జనం దాకా రాలేదు. ఇంకో రెండేళ్లు సాధన చెయ్యనీ." తప్పు నాది మాస్టారూ, గొంతు నేనే నొక్కేశాను అని చెప్పాలి. నోరు తెరిచాడు. చెప్తే రేపటి నుంచి తనను ఎవరు పిలుస్తారు? ఆ ఒక్క క్షణం తటపటాయించాడు, అంతే. మాస్టారు భుజం తట్టి వెళ్లిపోయాడు.

కూతురు వచ్చి ఎదురుగా నిలబడింది. "అందరూ వినపడట్లేదని అరుస్తుంటే నువ్వు ఇంకా తగ్గించావు నాన్నా. నేను చూశాను. అంత దరిద్రంగా పాడానా?"

ఇంక దాచలేకపోయాడు. "నాకు వినపడదమ్మా. సన్నటివేవీ వినపడవు. ఈ రెండ్రోజులూ అమ్మ ముఖం చూసి నెట్టుకొచ్చా."

భార్య ఒక్కసారి తలెత్తి, స్టేజీ పక్కన ఖాళీగా ఉన్న తన కుర్చీ వైపు చూసింది. కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ నేల చూపులు చూసింది.

"ఎప్పట్నుంచి?" అంది కూతురు.

"రెండేళ్లవుతోంది."

"రెండేళ్లుగా పొద్దున్నే నిన్ను కూర్చోబెట్టుకుని పాడుతున్నాను కదా! ఒక్క స్వరం కూడా తప్పలేదురా బంగారం అనేవాడివి కదా!"

"బాగానే పాడతావే" అంది తల్లి.

"నువ్వాగమ్మా. నేను దగ్గినా నీకు బాగానే ఉంటుంది." ఆ పిల్లకు కోపం రాలేదు, అదే తండ్రిని చంపేసింది. మెల్లగా అడిగింది. "నువ్వు బాగుందన్నావనే స్టేజీ ఎక్కాను నాన్నా. మరి నాకసలు పాట వచ్చో రాదో ఇప్పుడెవర్నడగను?"