కుప్పంలో ఊఫర్ పెట్టిన రోజు

హోమ్ థియేటర్‌లో ఊఫర్‌కి, ఆ లావు మోతల స్పీకర్ పెట్టెకి, చోటు వెతికేటప్పుడు నేను నేల మీద పాకుతాను. ఎవరు నవ్వినా సరే. ఇంటాయన కూర్చోబోయే సోఫాలో ముందు ఆ బరువైన పెట్టెను కూర్చోబెడతాను. అది దిమ్‌దిమ్మని మోగుతుంటే మోకాళ్ల మీద గోడల వెంట పోతూ వింటాను. మోత ఎక్కడ తేటగా వినిపిస్తే ఊఫర్ అక్కడికి వస్తుంది. మదనపల్లెలో కొట్టు తెరిచినప్పటి నుంచి ఇదే నా పద్ధతి. దీనికి అడ్డమల్లా వాస్తు. బరువు నైరుతిలోనే ఉండాలంటారు. ఆ మూలలో పెడితే గదంతా గుయ్యిమంటుంది, మాటలు వినపడవు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టేది. ఆఖరికి నైరుతిలో ఓ బీరువా పెట్టించి ఊఫర్‌ని విడిపించుకునేవాణ్ణి.

ఊఫర్‌కి ఒక చెవి చాలు. తెరకి అటూ ఇటూ పెట్టే స్పీకర్లకి మాత్రం రెండూ కావాలి. మనిషి గొంతు సరిగ్గా తెర నడుమ నుంచి రావాలి. నాకేమో ఎడమ చెవి పోయింది. ఒక జ్వరం వచ్చి తగ్గింది, చెవి మాత్రం తిరిగి రాలేదు. స్పీకర్లు సర్దేవాడికి చెవుడంటే ఎవరైనా ఇంటికి పిలుస్తారా? మా ఆవిడకి కూడా చెప్పలేదు, పరధ్యానమని నమ్మించాను. మా మేనమామ కొడుకు, నాతో కలిసి కొట్టు నడిపే మా బావ, ఆయనొక్కడికే చెప్పాను. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నా సెవులు యాడికి పోయినాయి బామ్మర్దీ? నేనుండాను గదా" అన్నాడు.

అప్పటి నుంచి నేను స్పీకర్లు తిప్పుతుంటే ఆయన సోఫాలో కూర్చునేవాడు. గొంతు ఏ పక్కకి జరిగితే ఆ పక్క మోకాలి మీద వేలితో తట్టేవాడు. ఇంటివాళ్లకి ఏమీ తెలిసేది కాదు. దేవుడు చెవి తీసుకుని మనిషినిచ్చాడనుకున్నాను. నా అంత వెర్రివాడు ఇంకొకడుండడు.

కుప్పంలో గ్రానైటు వ్యాపారం చేసే ఒకాయన కొత్త ఇంటి మేడ మీద సినిమాలు చూసేందుకు గది కట్టించాడు. ఆయన తమ్ముడికీ పుంగనూరులో ఇల్లు లేస్తోంది. ఈ గది నచ్చితే ఆ పనీ మాకే. నేను ఎప్పటిలా గోడ వెంట పాకుతున్నాను. బావా ఇంటాయనా నాకు ఎడమ పక్క నిలబడి ఉన్నారు. కిటికీ కింద మంచి చోటు దొరికింది. ఊఫర్‌ని అక్కడికి మోసి, నడుం నిమురుకుంటూ లేచాను. అంతదాకా ఎటు నుంచి పడితే అటు నుంచి మాట్లాడిన ఇంటాయన నా చుట్టూ తిరిగి కుడి పక్కకి వచ్చాడు. వంగి, ముసలివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా అన్నాడు:

"నువ్వు కాసేపు కూసోప్పా. మీ బావ సూసుకుంటాడులే."

ఆ పక్కకి వచ్చి మాట్లాడాలని నేను కాక ఈ లోకంలో ఒక్కడికే తెలుసు. బావ వైపు తిరిగాను.

"ఏం సెప్పినావు బావా?"

"యాల అట్ల సూస్తావు? ఉండేదే గదా సెప్పినా."

ఇంటాయన పాపం మంచివాడు. నన్ను ఓదార్చబోయాడు. "తప్పేముందప్పా? మా తమ్మునింటికి గూడా తానొక్కడే వస్తానన్యాడు. నీకు శ్రమ యాలని."

బావ నా వెనక చెప్పినా ఇంత మండేది కాదు. నా ఎదుటే, నా చెవిటి పక్క చూసుకుని నిలబడి, నా బతుకుని అమ్మేశాడు. తర్వాత ఆయన ఊఫర్‌ని కిటికీ కింద నుంచి ఎత్తి, ఇంటాయన ముందు నుంచీ అడుగుతున్న నైరుతి మూలలో పెట్టాడు. గది గుయ్యిమంది. "అదీ దెబ్బంటే!" అన్నాడు ఇంటాయన. నేను వైర్లు చుట్టుకుని కిందికి దిగాను.

వస్తూ వ్యాను నేనే నడిపాను. బావ నా ఎడమ పక్క సీట్లో కూర్చున్నాడు. ఏ ప్రయాణంలోనైనా ఆయన నోరు తెరిస్తే చాలు, నేను తల తిప్పి కుడి చెవి ఇచ్చేవాణ్ణి. పెద్దపంజాణి దాటాక మాట్లాడడం మొదలుపెట్టాడు. చేతులు ఆడించాడు, ఒకసారి నా భుజం పట్టుకుని కుదిపాడు. మన్నించమన్నాడో, నన్నే తప్పు పట్టాడో నాకు ఇప్పటికీ తెలియదు. మదనపల్లె వచ్చేదాకా నేను తల తిప్పలేదు.