నూరేళ్ల వదిన

యాడికి ఊళ్లో ఉండే మా వదినకు నూరేళ్లు దాటాయనీ, పుట్టాక కొర్రన్నమే తప్ప వరి మెతుకు ముట్టలేదనీ గుంతకల్లు రైళ్లలో ఊదరగొట్టింది నేనే. రెండువేల సంవత్సరం నాటికి, ఆయుష్షు రహస్యం అడుగుతూ జనం వదిన ఇంటికి రాసాగారు. వాళ్లముందు వదిన కొర్రన్నం తిని, కడుపు తట్టుకుని, "సగం కడుపుకే లేయాలప్పా" అనేది.

ఒప్పుకుంటున్నాను, అప్పటికి ఆమెకు డెబ్బై రెండే. వరిబువ్వంటే ప్రాణం. కానీ ఎవరైనా చూస్తే నగుబాటని కోడలు అది పెట్టడం మానేసింది.

ఒకరోజు వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఏమప్పా మరిదీ, పండ్లు లేని నోటికి ఈ నూరేండ్లు ఎందుకు తగిలిస్తివి? పెరుగేసుకుని రెండు ముద్దలు వరిబువ్వ తిననీ. వాళ్లకు నిజం చెప్పు."

సరేనన్నాను. అంతలో వాకిట్లో ఎవరో, "అవ్వకు ఎన్నేండ్లన్నా?" అన్నారు.

"నూటొకటి" అనేశాను.

వదిన కొర్రన్నం పళ్లెం దగ్గరికి లాక్కుంది.