బావ నేసిన పంచె మీద నైలాన్ సినిమా

నిన్న పొద్దున్నే ఫోన్. "పిన్నీ, నాన్న ఎల్లిపోనాడు" అన్నాడు అక్క కొడుకు.

వయసైపోయిన మనిషే. అయినా షాక్ తగిలినట్టైంది. మొన్నే కదా ఫోన్‌లో "ఒసే మరదలా, ఇంకా బతికున్నావేటి?" అని నన్ను ఆటపట్టించాడు.

మా బావ నేతగాడు, నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని నేసే గుంత మగ్గం మనిషి. ఇంట్లో అందరికీ ఒకటే మాట చెప్పి ఉంచాడు, తను పోతే మీద చేనేత పంచే కప్పాలని.

బస్సెక్కి వెళ్తుంటే దారంతా ఒకటే జ్ఞాపకం.

అరవైల చివర్లో, రాజాం దగ్గర మా ఊరికి సినిమా వ్యాన్ వచ్చింది. ఫ్యాక్టరీలో నైలాన్ ఎలా తయారవుతుందో చూపించే డాక్యుమెంటరీ అట. తీరా చూస్తే వాళ్ల స్క్రీన్ గాలికి చిరిగిపోయింది.

బావకి మొహమాటం ఎక్కువ. సినిమావాళ్లు అడగ్గానే, అప్పుడే మగ్గం మీంచి దింపిన, ఇంకా విడదీయని పంచెల చాపు తెచ్చి మడతపెట్టి తెరగా కట్టాడు.

దాని మీదే వేశారు సినిమా.

జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు మెషీన్‌లోంచి దారాలు దిగుతున్నాయి. తెగడం లేదు. తెగిన పోగు అతికే మనిషీ లేడు. ఇంగ్లీషు కామెంటరీ మాకెవరికీ అర్థం కాలేదు గానీ, బావకి అంతా అర్థమైపోయింది.

లేచి తెర దగ్గరికి నడిచాడు. కొత్త నూలు కనిపిస్తే రెండు వేళ్ల మధ్య పట్టి చూడటం నేతగాళ్ల అలవాటు. అలాగే ఆ నైలాన్ దారాన్ని పట్టుకోబోయాడు. చేతికి తగిలింది తను నేసిన బట్టే.

జనం నవ్వారు. నేనూ నవ్వాను. అక్క మాత్రం తల దించుకుంది.

బావ వచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు.

"దానికి సేతులక్కర్లేదే. మరి ఈ సేతులేటి సేసుకోవాలి?"

నేను మగ్గానికి నూలు కండెలు చుట్టడం తప్ప ఏమీ తెలియని మరదల్ని. మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే కండెలు చుట్టి బావకి అందించాను.

కొన్నేళ్లకి మగ్గం గుంత తనే పూడ్చేసి జూట్ మిల్లులో పనికి వెళ్లాడు. నేసినవన్నీ ఎప్పటికప్పుడు అమ్ముకున్నవే. ఇంట్లో జానెడు ముక్క కూడా మిగల్లేదు.

నిన్న అక్క కొడుకు రాజాంలో షాపులన్నీ తిరిగి పాలిస్టర్ పంచె తెచ్చాడు. "ఇదే దొరికినాది పిన్నీ" అని ఏడ్చాడు. వాణ్ణేమనగలను? టైమైపోతోందని పెద్దవాళ్ల తొందర. కప్పేశారు.

అంచు రెండు వేళ్ల మధ్య పట్టి చూశాను. జారిపోయింది.

అడిగిన ఒక్కటీ చేయలేకపోయాం బావా.

ఆ చేతులకి ఇంక పని వెతకొద్దు. హాయిగా పడుకో.