బాపు ఫొటో వెనక రేడియేటర్

మా బాపు శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో రిటైరైన రోజది. మా దగ్గర రిటైరైనవాళ్లను డప్పులతో బాయి నుంచి ఇంటిదాకా ఊరేగిస్తారు. బాపు ప్రాణంగా చూసుకునే పాత అంబాసిడర్‌లోనే ఆయన్ను తీసుకెళ్లాలని నా పట్టుదల. వారం ముందే రేడియేటర్ కడిగించి, కొత్త ఫ్యాన్ బెల్ట్ వేయించాను. ఆ రోజు కారు ముందు జాలీకి అడ్డంగా ఆయన ఫొటో ఉన్న పెద్ద ఫ్లెక్సీ కట్టి, దానిమీద బంతిపూల దండలు వేసి మురిసిపోయాను.

డప్పుల వెనక కారును నెమ్మదిగా నేనే నడుపుతున్నాను. సగం దారిలో బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి లేచింది. డప్పులు ఆగిపోయాయి. జనం దూరం జరిగారు. నేను కంగారుగా దిగి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత తిప్పబోయాను. బాపు కారు దిగి పరుగున వచ్చి నా చెయ్యి లాగేశాడు.

"ముట్టకు బిడ్డా! మొఖమంత కాలుతది!"

మెడలో దండలతోనే వంగి, జాలీకి గాలి తగిలేలా తన ఫొటో ఉన్న ఫ్లెక్సీని తనే విప్పాడు. అందరి ముందూ నాకు ఏడుపొచ్చింది.

"ఏడుస్తవెందుకే? ఇన్నేండ్లు బాయిలకు గాలి పంపే ఫ్యాన్ కాడ పనిచేసిన. గాలి ఆడకుంటే లోపలున్నోళ్ల పానం ఎట్లయితదో నాకెరుక. జర చల్లారనియ్యి."

ఇంజన్ చల్లారాక నీళ్లు పోశాం. బాపు మాత్రం మళ్లీ కారెక్కలేదు. "దానికి బరువెందుకు" అంటూ పక్కనే ఇంటిదాకా నడిచాడు.

ఇప్పటికీ ఎవరి మెడలోనైనా దండ వేసేటప్పుడు గాలి ఆడేలా కాస్త వదులుగా వేస్తాను.