పసుపు మూటలో వచ్చిన పువ్వు

ఆ రోజుల్లో కడపలో అంగడి పెట్టుకున్నవాళ్ల ఇంట పుట్టినవాడికి పలక పట్టకముందే ఒక విద్య అబ్బేది: మనసుపడిన వస్తువును నోరారా తిట్టడం. చింతపండు బాగుందంటే ధర పెరుగుతుంది, కాబట్టి గింజలెక్కువ అనాలి. ఇరవై ఏళ్లకే ఈ విద్యలో మా నాయనను మించిపోయాను. దాంతోనే ఒక పూలమొక్కకు ప్రాణం మీదికి తెచ్చాను.

అది విత్తనప్పసుపు మూటలో కలిసొచ్చిన వేరుముక్క. పెరట్లో బావి పక్కన పాతితే, విసనకర్రలా ఆకులు విచ్చుకుని, రెండో ఏడు నారింజరంగు పూలు పూసింది, ఒళ్లంతా ఎర్రచుక్కలతో. పేరు ఎవరికీ తెలియదు. మా బావిలో నీళ్లు ఎప్పుడూ అంతంతమాత్రమే. అవ్వ తీర్పు చెప్పేసింది: "పేరూ ఊరూ లేనిదానికి నీళ్లు యాడనుంచి తెస్తాంరా? శుక్రవారం దాకా చూస్తా. ఆపైన పెరికేసి వంగనారు పెడ్తా."

కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పే అయ్యవారు (అంగట్లో మేం చాటున ఆకులయ్యవారు అనేవాళ్లం) గురువారం బెల్లం కోసం మా అంగడికి వచ్చారు. పువ్వు చేతిలో పెట్టాను. పెట్టి ఊరుకున్నానా! అలవాటు కొద్దీ, "ఏదో పిచ్చిమొక్క సార్. వాసన లేదు, పొద్దుగూకితే మెలిపడి ముడుచుకుంటాది. మీరు చూడదగ్గది కాదు" అన్నాను. పాపం, ఆయనకు బేరాలు తెలియవు. నమ్మేశారు.

"అయితే పెరికి పారేయప్పా, నన్నెందుకు అడుగుతాండావు?" అని పువ్వును త్రాసులో పెట్టి మెట్లు దిగారు.

లోపల్నుంచి అవ్వ: "ఇన్నావా? సారే చెప్పినాడు!"

వెంట పరుగెత్తాను. జీవితంలో మొదటిసారి ఒక సరుకును పొగడాల్సి వచ్చింది, మాటలు రావే! "సార్, మెలి అంటే ఊరికే మెలి కాదు సార్, తడిబట్ట పిండినట్టు! కాయ పగిలితే లోపల నల్లగా మిరియాలే, గుత్తిగా అంటుకోనుంటాయి, రాలవు!" (ఒకటి కొరికి చూశాను, కారం లేదు. మిరియాల్లో కలిపితే బ్రహ్మదేవుడూ పోల్చలేడని మా నాయన మాత్రం ఆశగా చూశాడు.)

అయ్యవారు ఆగిపోయారు. "మిరియాలా? ముందే చెప్పొద్దా! పద, చూపించు."

బావి దగ్గర గొంతుక్కూర్చుని ఆకూ పువ్వూ కాయా తిప్పి తిప్పి చూశారు. "ఇది ఐరిస్ కుటుంబంలోదప్పా! చైనా దిక్కుది. ఈ ఎండల్లో శానా బాగా సాకినావు. ఆ మెలి, ఆ గింజలే దీని గుర్తులు. సగం నువ్వే పట్టేసినావు."

"ఇంటిపేరు కూడా ఉండాదా? అయితే ఉండనీలే" అంది అవ్వ.

మర్నాటి నుంచి ఆమె ముఖం కడుక్కున్న నీళ్లన్నీ దానికే. నీళ్లకొచ్చిన అమ్మలక్కలకు "మావాడు కనిపెట్టినాడు" అని చెప్పేది. ఐరిస్ అన్న మాట ఆమె నోట రోజుకో తీరుగా మారేది, నా పేరు మాత్రం మారలేదు. నేను అంగట్లో వినపడనట్టు నటిస్తూ, బాగా వినడానికి తూకం ఆపేసేవాణ్ని. కాలేజీ గడప తొక్కనివాడి ఛాతీ ఆ నెలంతా చొక్కాలో పట్టలేదు. ఇప్పుడు ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ ఛాతీలో కొంచెం నాకు అరువిస్తాడేమో అడగాలనీ అనిపిస్తుంది.